ఇవాళ ఏం కూర?

రోజూ అదే పని, అదే దారి, అదే వంటిల్లు. విసుగు పుట్టినప్పుడల్లా అన్నీ వదిలేసి ఎటైనా వెళ్లిపోవాలనిపిస్తుంది. ఎక్కడికీ వెళ్లకుండానే రోజును కొత్తగా ఉంచుకునే ఏర్పాటు మన విస్తట్లో, వాకిట్లో, పంచాంగంలో ఎప్పటినుంచో ఉంది.

పొద్దున్నే పాలగిన్నె పొయ్యి మీదికి ఎక్కేలోపే చాలా ఇళ్లలో ఒక ప్రశ్న తయారుగా ఉంటుంది. "అత్తయ్యా, ఇవాళ ఏం కూర చేయమంటారు?" "నీ ఇష్టమమ్మా." భర్తను అడిగితే "ఏదో ఒకటి చేసెయ్" అంటాడు. పిల్లలు నిన్న వండింది మాత్రం వద్దంటారు. తెలంగాణ ఊళ్లలో ఈ ప్రశ్న వంటింటి గడప దాటి వీధిలోకి కూడా వచ్చింది. "ఏం కూర వండినవ్ వదినా?" అని గోడ అవతల నుంచి అడగడం అక్కడ మంచీచెడూ మాట్లాడుకోవడానికి తొలిమాట.

ఈ ప్రశ్నలో ఒక విశేషం ఉంది. అన్నం వండాలా అని ఎవరూ అడగరు. పాలు తోడుపెట్టాలా అనీ అడగరు. పప్పో, చారో, పచ్చిపులుసో ఏదో ఒకటి ఎలాగూ ఉంటుంది. అడిగేదంతా కూర గురించే. నిన్న బెండకాయ వేపుడైతే ఇవాళ వంకాయ. వంకాయే అయితే అల్లం, పచ్చిమిర్చి దంచి వేయాలా, కొత్తిమీర కారం పెట్టాలా, గుత్తివంకాయ చేసే తీరిక ఉందా? భోజనంలో కొన్ని మారవు, కొన్ని మారితీరాలి. మారనివి ఏవో అందరికీ తెలుసు కాబట్టే ఆలోచనంతా మారాల్సిన ఆ ఒక్కదాని మీద పెట్టగలుగుతున్నాం.

దీని వెనక ఒంటి ధర్మం ఉంది. 1981లో బార్బరా రోల్స్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు కొందరికి శాండ్‌విచ్‌లు నాలుగు విడతలుగా వడ్డించారు. ఒక ఏర్పాటులో నాలుగు విడతల్లోనూ ఒకే రుచి. ఇంకో ఏర్పాటులో విడతకో రుచి. రుచులు మారినప్పుడు దాదాపు మూడో వంతు ఎక్కువ తిన్నారు. కడుపు నిండకముందే ఆ రుచి మొహం మొత్తుతుంది, ఇంకో రుచి తగిలితే ఆకలి మళ్లీ లేస్తుంది. పప్పూ నెయ్యీ, ఆ తర్వాత కూర, ఆ తర్వాత పులుసు అనే మన వరస ఈ సంగతి ఎరిగి నడిచేదే. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ కొత్తదనం కోరరు. వారం రోజులు ఊళ్లు తిరిగి హోటల్ భోజనాలు చేసి వచ్చిన మనిషి మొదట అడిగేది అదే.

అలవాటునూ కొత్తదనాన్నీ విరోధుల్లా చూడటం మనకు మామూలైపోయింది. "పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ" అని ఒకదాన్ని ఎత్తిపొడుస్తాం. "కొత్తొక వింత, పాతొక రోత" అని రెండోదాన్ని ఆడిపోసుకుంటాం. భోజనం మాత్రం రెండింటినీ ఒకే విస్తట్లో పక్కపక్కన వడ్డించింది. మారని చోటు ఇది, మారే చోటు ఇది అని గీత గీసిపెట్టింది. నేను చెప్పదలచుకున్నది ఆ గీత గురించే. విసుగొచ్చినప్పుడు మనం సాధారణంగా దినచర్యనంతా తిట్టుకుంటాం. లోపం చాలాసార్లు దినచర్యలో ఉండదు. అందులో మారడానికి వీలున్న చోటును మనమే పూడ్చేసి ఉంటాం.

చేతులు చేసుకుపోయే పనులు

ముందు అలవాటుకు ఇవ్వాల్సిన గౌరవం ఇద్దాం. మనస్తత్వ శాస్త్రవేత్త వెండీ వుడ్, ఆమె బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులు గంటగంటకూ తాము చేస్తున్న పనినీ, అప్పుడు తమ మనసులో ఉన్న ఆలోచననూ రాసిపెట్టారు. చేసిన పనుల్లో సుమారు 43 శాతం దాదాపు రోజూ అదే చోట, మనసు ఇంకెక్కడో ఉండగా చేసినవే. పళ్లు తోముకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం, బండి గేరు మార్చడం, పోపు వేయడం. వీటిలో ప్రతిదాన్నీ ఆలోచించి చేయాల్సి వస్తే మధ్యాహ్నానికే మనిషి అలసిపోతాడు.

మెదడు ఈ పని ఎలా చేస్తుందో అమెరికాలోని ఎంఐటీలో ఆన్ గ్రేబీల్ బృందం ఎలుకల్లో చూసింది. కూడలి ఉన్న దారిలో ఎలుక పరుగెత్తి తీపి వెతుక్కోవాలి. మొదటి రోజుల్లో పరుగు పొడుగునా దాని మెదడు లోపలి ఒక భాగం చురుగ్గా ఉంది. దారి బాగా అలవాటయ్యాక ఆ చురుకు పరుగు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి మాత్రమే కనిపించింది. మధ్యదంతా ఒకే మూటగా కట్టి పెట్టేసింది మెదడు. మన ఉదయాలు కూడా అలాంటి మూటలే. గ్యాస్ వెలిగించడం తెలుస్తుంది, టిఫిన్ డబ్బా మూత పెట్టడం తెలుస్తుంది. మధ్యలో ఏం జరిగిందో గుర్తుండదు.

ఈ మూటలు కట్టుకోవడానికి కాలం పడుతుంది. 21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చాలామంది చెబుతుంటారు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోని మాట అలా అలా సాగి ఇక్కడిదాకా వచ్చింది. ముఖం మారిన రోగులు దానికి అలవాటుపడటం గురించి ఆయన గమనించిన సంగతి అది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటి చిన్న పనులు అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులైతే మరొకరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. జనవరి 1న జిమ్‌లో చేరి ఫిబ్రవరిలో మానేసి "నా వల్ల కాదు" అనుకునేవాళ్లకు ఈ అంకెలు తెలియాలి. వాళ్లు ఓడిపోలేదు. కొత్త పని పాతబడి చేతికి అలవాటయ్యే లోపలే ఆగిపోయారు.

రోజులు కలిసిపోయిన ఏడాది

అలవాటు ఇంత మేలు చేసేదైతే దాని మీద విసుగెందుకు? వోల్‌ఫ్రమ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను పరిశీలించినప్పుడు సమాధానంలో కొంత భాగం దొరికింది. అనుకోకుండా పండ్లరసం చుక్క నోట్లో పడితే ఆ కణాలు ఒక్కసారిగా స్పందించాయి. దీపం వెలిగాక రసం వస్తుందని కోతికి తెలిసిపోయాక స్పందన దీపానికి మారింది. రసం మామూలుగానే వచ్చినా వాటిలో కదలిక లేదు. దీపం వెలిగి కూడా రసం రాకపోతే మాత్రం ఆ కణాలు నీరసించాయి. రోజూ పొద్దున అందే కాఫీకి మనం మురిసిపోకపోవడానికీ, అది ఒక్కరోజు అందకపోతే చిరాకు పడటానికీ మూలం ఇక్కడుంది. ఎదురు చూసినది ఎదురు చూసినట్టే వస్తే మెదడు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోదు.

జ్ఞాపకం సంగతీ అంతే. వయసు పెరిగేకొద్దీ ఏళ్లు పొట్టివైపోతున్నట్టు ఎందుకు అనిపిస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1890 నాటి తన గ్రంథంలో చర్చించారు. చిన్నప్పుడు ప్రతిదీ కొత్త, కాబట్టి దేనికదే గుర్తుంటుంది. పెద్దయ్యాక రోజులన్నీ ఒకే మూసలో పోసినవైతే వెనక్కి తిరిగి చూసినప్పుడు పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

దీన్ని మనమంతా ఒకేసారి అనుభవించిన కాలం ఒకటుంది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25, శార్వరి నామ సంవత్సర ఉగాది. గుడి తలుపులు మూసి ఉన్నాయి. పంచాంగ శ్రవణం టీవీలో వినాల్సి వచ్చింది. వేపపూత కోసం బయటికి వెళ్లడానికే జంకారు. ఆ తర్వాతి వారాల్లో ఇవాళ మంగళవారమా, గురువారమా అని ఇంట్లో ఒకరినొకరు అడగని రోజు లేదు. బ్రిటన్‌లో రూత్ ఆగ్డెన్ అనే పరిశోధకురాలు అదే ఏడాది ఏప్రిల్‌లో జనాన్ని అడిగితే, 80 శాతానికి పైగా మంది కాలం మామూలుగా నడుస్తున్నట్టు లేదన్నారు. కొందరికి పరుగెత్తింది, కొందరికి కదల్లేదు. వృద్ధులకూ, మనుషుల తోడు కరవైనవాళ్లకూ అది ఎక్కువగా నత్తనడక నడిచింది. ఆ రోజుల్లో జనం చేసిన పనులు గుర్తు తెచ్చుకోండి. కొందరు జంతికల గొట్టం బయటికి తీశారు. కొందరు పదేళ్లుగా తాకని వయొలిన్‌కి తీగలు బిగించారు. కొందరు డాబా మీద తోటకూర వేశారు. ఒక రోజును ఇంకో రోజు నుంచి విడదీసి గుర్తుపెట్టుకోవడానికి మనిషి పడిన తాపత్రయం అది. ఆ తాపత్రయాన్ని కాలక్షేపం అని తీసిపారేయడం నాకు ఇష్టం ఉండదు. ఊపిరాడనప్పుడు కిటికీ తెరుచుకున్నారు, అంతే.

ధనుర్మాసపు వాకిలి

లాక్‌డౌన్‌లో జనం తెరుచుకున్న ఆ కిటికీని మన పెద్దలు క్యాలెండర్‌లోనే బిగించి పెట్టారు. దానికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే చక్కని ఉదాహరణ వాకిట్లో ముగ్గు.

వాకిలి ఊడ్చి కళ్లాపి జల్లి ముగ్గు పెట్టడం రోజూ జరిగేదే. ఆషాఢంలోనూ, మాఘంలోనూ నాలుగు గీతలతో సరిపెట్టేస్తారు. అందులో ఆలోచన లేదు, ఉండక్కర్లేదు. డిసెంబరు నడిమిలో ధనుర్మాసం మొదలై నెలగంట పెట్టగానే అదే వాకిలి, అదే పిండి, అదే వేళ ఇంకొకటైపోతాయి. నెల రోజులూ రోజుకో ముగ్గు. నిన్న వేసింది ఇవాళ వేస్తే ఎదురింటివాళ్లు గుర్తుపడతారు. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అని ఆడపిల్లలు నోట్‌బుక్కుల్లో రాసుకునే లెక్క అప్పుడే బయటికొస్తుంది. మధ్య వరసలో 15, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గుతూ 8 దాకా. మొత్తం 169 చుక్కలు. ఆ చుక్కలు ఎక్కడ పడాలో ఎవరూ మార్చలేరు, చుక్క తప్పితే ముగ్గు కుదరదు. వాటిని కలిపే తీరు మాత్రం ఎవరి చేతిది వాళ్లది. అవే చుక్కల్లో ఒకరికి తామరలు పూస్తాయి, ఒకరికి చిలకలు వాలతాయి, ఒకరు మెలిక ముగ్గు వేసి గీత ఎక్కడ మొదలైందో తెలియకుండా మూసేస్తారు. 1970ల్లో మద్రాసులో గిఫ్ట్ శిరోమణి, రాణి శిరోమణి, కమలా కృతివాసన్ అనే పండితులు తమిళుల ముగ్గులైన కోలాలను తీసుకుని, కొద్దిపాటి నియమాల నుంచి అన్ని రూపాలు ఎలా పుడతాయో గణితంగా రాసి చూపించారు. పెళ్లీడు పిల్లలు గడ్డకట్టే చలిలో వంగి చేసేది సైన్సు పత్రికల్లోకి ఎక్కేంత పని.

ఈ ముగ్గుల వరస చివర్లో వచ్చే రథం ముగ్గు సంగతి కూడా చెప్పాలి. సంక్రాంతి పండగ వెళ్లే రోజున రథం వేసి, దాని తాడును వీధిలోకి లాగి పక్కింటి రథానికి కలుపుతారు. నెల పొడుగునా ఎవరి వాకిట్లో వాళ్లు పోటీపడ్డ ముగ్గులు ఆ రోజు ఒకే గీతగా వీధి దాటతాయి. మర్నాటి నుంచి మళ్లీ నాలుగు గీతలే. ఏడాదంతా పెద్ద ముగ్గులు వేయమంటే ఎవరూ వేయరు. నెల రోజులే కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి లేస్తారు. అపార్టుమెంట్ల గుమ్మాల ముందు ఇప్పుడు అతికించే స్టిక్కర్ ముగ్గులు ఏడాదంతా ఒకటే ఉంటాయి, వాటిని చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మారని చోటూ మారే చోటూ రెండూ పోయాయి అందులో. అమెరికాలో గరాజు ముందు సిమెంటు మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి పిల్లలకు నేర్పిస్తున్న తల్లులను చూస్తే మాత్రం పోయిందనుకున్నది పోలేదనిపిస్తుంది.

గుడి కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. తిరుమలలో ప్రతి తెల్లవారీ సుప్రభాతంతోనే మొదలవుతుంది. ధనుర్మాసంలో మాత్రం ఆ స్థానంలో ఆండాళ్ తిరుప్పావై వినిపిస్తుంది. అందులో పాశురాలు 30, రోజుకు ఒకటి. వేళ మారదు, గర్భగుడి మారదు, వినిపించేది మారుతుంది. వారంలోనూ అంతే. గురువారం నగలూ పెద్ద నామమూ తగ్గించి స్వామి కన్నులు కనబడేలా నేత్రదర్శనం, శుక్రవారం అభిషేకం. శతాబ్దాలుగా ఒకే నిత్యకృత్యాన్ని నడిపిస్తున్న చోట విసుగు రాకుండా చూసుకున్న తీరు ఇది. భక్తి ఉన్నవాళ్లకైనా లేనివాళ్లకైనా దీన్నుంచి తీసుకోవాల్సింది ఉంది.

ఆగి తింటే వచ్చే రుచి

క్యాలెండర్ చేసే ఇంకో మేలు ఆపడం. కార్తీకంలో మాంసం ముట్టని ఇళ్లలో ఆ నెల దాటాక వండిన కోడికూరకు వచ్చే రుచి అందరికీ తెలుసు. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఏడాదంతా వండే హోటళ్లు కూడా ఉన్నాయి. అయినా రంజాన్ నెల సాయంత్రం వీధిలో భట్టీ ముందు నిలబడి తిన్న హలీం రుచి జూలైలో ఏసీ గదిలో తిన్నదానికి రాదని ఊరంతా ఒప్పుకుంటుంది.

ఇది కేవలం మనోభావమా? లీఫ్ నెల్సన్, టామ్ మేవిస్ అనే పరిశోధకులు 2008లో కొందరికి మసాజ్ ఏర్పాటు చేశారు. మధ్యలో ఆపకుండా చేయించుకున్నవాళ్ల కంటే ఆపి, మళ్లీ మొదలుపెట్టించుకున్నవాళ్లకే అది ఎక్కువ హాయిగా అనిపించింది. ముందుగా అడిగితే మాత్రం జనం ఆపొద్దనే అన్నారు. సుఖాన్ని మధ్యలో ఆపితే పెరుగుతుందని మనకు ఊహకందదు. అందుకే ఆ ఆపే బాధ్యత మన ఇష్టానికి వదలకుండా ఏకాదశులూ, ఉపవాసాలూ, రుతువులూ తీసుకున్నాయి. తాటిముంజలు నెల రోజుల్లో అయిపోతాయి. రేగిపళ్లు సంక్రాంతికి వస్తాయి, సీతాఫలం దసరాకు వస్తుంది. కొత్తావకాయ కలిపిన రోజు వేడన్నంలో మొదటి ముద్ద ఏడాదికి ఒక్కసారే. శీతల గిడ్డంగులూ, ఆన్‌లైన్ బండ్లూ అన్నీ ఎప్పుడూ అందేలా చేశాక మనకు ఎదురుచూపు పోయింది. దాంతో పాటు రుచిలో కొంత పోయింది.

బొటనవేలి కింద దొర్లే కొత్త

విసుగుకు ఈ కాలం కనిపెట్టిన మందు ఫోన్. పది సెకన్లకో వీడియో, ప్రతిదీ ఇంతకుముందు చూడనిదే. కొత్తదనమంటే ఇదే అయితే మనకంటే అదృష్టవంతులు ఎప్పుడూ పుట్టి ఉండరు. కానీ మంచంలో అదే ఒరుగు, అదే వేళ, అదే బొటనవేలు. గంట తర్వాత ఏం చూశావని అడిగితే మూడో నాలుగో గుర్తుంటాయి. రోజులో అన్నిటికంటే గట్టిపడ్డ అలవాటు అదే, పైకి మాత్రం కొత్తదనంలా కనిపిస్తుంది. మెదడుకు దీపం వెలుగుతూనే ఉంటుంది, రసం అరుదుగా పడుతుంది. దీన్ని పిల్లల తప్పుగా చెప్పడం అన్యాయం. అరవై దాటినవాళ్లు కూడా దానిలో అంతే మునిగి ఉన్నారు, వాళ్ల ఒంటరితనం వాళ్లను అక్కడికి తోసింది.

ముందుగా ఊహించుకున్నప్పుడు మనకు కొత్తదనం ఎంత కావాలనిపిస్తుందో, నిజంగా అంత అక్కర్లేదు. ఇటమార్ సైమన్‌సన్ అనే పరిశోధకుడు 1990లో విద్యార్థులతో మూడు వారాలకు చిరుతిండి ఎంపిక చేయించారు. మూడు వారాలకూ ఒకేసారి ఎంచుకోమంటే 64 శాతం మంది మూడు వేర్వేరు తినుబండారాలు రాశారు. ఏ వారానికావారం ఎంచుకున్నవాళ్లలో అలా మూడూ మార్చింది 9 శాతమే. నచ్చింది నచ్చినట్టే మళ్లీ తిన్నారు. పిల్లల వేసవి సెలవులకు మనం వేసే ప్రణాళికల్లో ఇదే జరుగుతుంది. ఈత, చెస్, కీబోర్డు, కోడింగ్ అన్నీ రాస్తాం. వాళ్లకు కావాల్సింది అమ్మమ్మ ఊళ్లో అదే చెరువు, అదే మామిడిచెట్టు.

దినచర్య దొరకనివాళ్లు

కొత్తదనం కావాలని మాట్లాడే గొంతులు ఎక్కువగా స్థిరమైన జీవితం ఉన్నవాళ్లవి. ఈ వారం రాత్రి డ్యూటీ, వచ్చే వారం పగలు అని తిరిగే నర్సుకు కొత్తదనం అక్కర్లేదు, ఒకే వేళకు నిద్ర కావాలి. ఏ ఆర్డరు ఎటు తీసుకెళ్తుందో తెలియకుండా బండి నడిపే కుర్రాడికి రోజూ దారి కొత్తదే. అతనికి కావాల్సింది మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుని తినే భోజనం. శరీరంలో కణకణానికీ ఒక గడియారం ఉందని, అది ఎలా తిరుగుతుందో కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారాన్ని తారుమారు చేసే రాత్రి షిఫ్టులు క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనూ, తిరిగి 2019లోనూ వర్గీకరించింది. దినచర్య కూడా ఒక ఆస్తే. అది అందరికీ సమంగా దక్కలేదు.

వంటింటి సంగతి దీనికి తలకిందులు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసే మహిళలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పనులు చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. పురుషుల్లో అసలు ఆ పనులు చేసేది దాదాపు నాలుగో వంతు మందే. అంటే మారని పనంతా ఒకరిది. అంతటితో ఆగలేదు, ఇంట్లోవాళ్ల నాలుకకు రోజూ కొత్త రుచి ఆలోచించే భారం కూడా ఆమెదే. ఆమె రోజులో మారేది మాత్రం ఏదీ లేదు. "ఏదో ఒకటి చేసెయ్" అనే మాట ఉదారంగా వినిపిస్తుంది గానీ, ఆలోచన తనకు అక్కర్లేదని చెప్పడమే అది. వారానికి మూడు రోజులు ఏం వండాలో ఇంకెవరైనా నిర్ణయించి, కూరగాయలు తెచ్చి, తరిగిపెడితే ఆ ఇంట్లో పాత గీత చెరిగి కొత్త గీత పడుతుంది. నేనైతే కొత్తదనం గురించి ఏ చర్చనైనా ఇక్కడి నుంచే మొదలుపెట్టాలంటాను.

అదే సరళి, అదే కథ

సంగీతం పాఠంలో పిల్లలు మొదట పాడేది మాయామాళవగౌళలో సరళి వరసలు. ఒకటో కాలం, రెండో కాలం, మూడో కాలం. ఏళ్ల తరబడి అవే స్వరాలు. ఆ సాధన గొంతులోకి ఇంకినవాళ్లే తర్వాత అప్పటికప్పుడు అల్లి పాడే మనోధర్మంలో అడుగుపెట్టగలుగుతారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ యవ్వనంలోనే 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించారు. సంప్రదాయాన్ని మొదటి అంచు నుంచి చివరి అంచు దాకా నడిచి చూసిన ఆ మనిషే తర్వాత నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలను సృష్టించారు. అయిదు స్వరాలన్నా లేకుండా రాగమేమిటని విమర్శలు వచ్చాయి. 72 గదులనూ చూసి వచ్చినవాడికే ఇంకో తలుపు ఎక్కడ పెట్టొచ్చో తెలుస్తుంది.

చిన్నపిల్లలకు ఈ సంగతి పుట్టుకతోనే తెలిసినట్టుంది. ఏడు చేపల కథ చెప్పండి, మర్నాడు మళ్లీ అదే చెప్పమంటారు. మధ్యలో మనం ఒక మాట మారిస్తే సరిదిద్దుతారు. బ్రిటన్‌లో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లలకు కథలు చదివి వినిపించింది. వేర్వేరు కథల్లో కొత్త మాటలు విన్నవాళ్ల కంటే, అవే మాటలను ఒకే కథలో పదేపదే విన్నవాళ్లు వాటిని బాగా నేర్చుకున్నారు. కథ తెలిసిపోయింది కాబట్టే మనసు దాని లోపలికి వెళ్లగలిగింది.

పెద్దవాళ్లం ఈ నమ్మకం పోగొట్టుకుంటాం. చూసిన సినిమా మళ్లీ చూస్తే విసుగే కదా అని ముందే తీర్మానిస్తాం. ఎడ్ ఓబ్రయన్ అనే పరిశోధకుడు 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకసారి చూసిన ప్రదర్శననో సినిమానో రెండోసారి చూడబోయేవాళ్లు ఊహించుకున్నదాని కంటే, నిజంగా చూసినవాళ్లు ఎక్కువగా ఆనందించారు. మొదటిసారి కంటపడనివి ఎన్నో రెండోసారికి మిగిలే ఉంటాయి. 1957లో వచ్చిన 'మాయాబజార్'ను ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదీ చూస్తున్నారంటే కారణం ఇదే. ఒకసారి ఎస్వీ రంగారావును చూస్తాం. ఇంకోసారి సావిత్రి నడకలోకి ఘటోత్కచుడు ఎలా దూరాడో చూస్తాం. మరోసారి మార్కస్ బార్ట్‌లీ కెమెరా వెన్నెలను ఎలా పట్టుకుందో చూస్తాం. ఇరవై ఏళ్లుగా పక్కనే ఉన్న మనిషిని కూడా ఇలా రెండోసారి చూడొచ్చు. కొత్త మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లేముందు అదొకటి చేయదగ్గ పని.

ఒక్కటి మార్చి చూస్తే

2014 ఫిబ్రవరిలో లండన్‌లో భూగర్భ రైళ్ల ఉద్యోగులు సమ్మె చేశారు. కొన్ని స్టేషన్లు మూతపడితే రోజూ ఒకే దారిలో వెళ్లే జనం ఆ రెండు రోజులు వేరే దారులు వెతుక్కోక తప్పలేదు. తర్వాత టికెట్ కార్డుల వివరాలు తిరగేసిన ఆర్థికవేత్తలకు ఒక సంగతి కనిపించింది. ఇబ్బంది పడ్డవాళ్లలో సుమారు 5 శాతం మంది సమ్మె ముగిశాక కూడా పాత దారికి రాలేదు. అంతకంటే మంచి దారి వాళ్లకు దొరికింది. ఏళ్లుగా తిరుగుతున్నా, ఒకరు బలవంతంగా ఆపితే తప్ప ఆ దారి కనబడలేదు. మిగిలిన 95 శాతం మంది పాత దారికే వచ్చారు. అది కూడా సరైనదే. అలవాట్లలో ఎక్కువ భాగం మనం వెతికి ఎంచుకున్న మంచివే. వాటిలో ఒకటో రెండో మాత్రం ఎప్పుడో పాతబడిపోయి ఉంటాయి. ఏవో తెలియాలంటే అప్పుడప్పుడు ఒక్కొక్కటి కదిపి చూడాలి.

ఏది కదపాలి? నా మట్టుకు నేను నిద్రలేచే వేళ, తినే వేళ, మందులు వేసుకునే వేళ కదపను. ఇంట్లో మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లుంటే వాళ్ల కుర్చీని కూడా కదపొద్దు, మారని వస్తువులే వాళ్లకు ధైర్యం. కదపాల్సినవి దారులు, మాటలు, జతలు. అమెరికాలో న్యూయార్క్, మయామీ నగరాల్లో కొందరి ఫోన్ల ద్వారా వాళ్లు రోజూ తిరిగే చోట్లను గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, తిరిగిన చోట్లు ఎక్కువ వైవిధ్యంగా ఉన్న రోజుల్లో వాళ్ల మనసు ఎక్కువ హుషారుగా ఉన్నట్టు తేలింది. దానికి గోవా వెళ్లక్కర్లేదు. ఊళ్లో ఇన్నేళ్లున్నా లోపలికి వెళ్లని గ్రంథాలయం, పాత కోటగోడ వెనక సందు, ఆర్టీసీ బస్సు చివరి స్టాపు దాకా వెళ్లి దిగడం చాలు.

దంపతుల విషయంలో ఆర్థర్ ఆరన్ అనే పరిశోధకుడు 2000లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. భార్యాభర్తల చేతులూ కాళ్లూ ఒకరివి ఒకరికి కట్టి, ఒక దిండును చేత్తో ముట్టకుండా ఇద్దరి మధ్య ఆన్చుకుని, పరుపులు పరిచిన గదిలో అటు నుంచి ఇటు పాకమన్నారు. కొద్ది నిమిషాల ఆట. మామూలు పని చేసిన జంటల కంటే ఈ ఆట ఆడిన జంటలు తమ దాంపత్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. పదవీ విరమణ తర్వాత ఇద్దరూ రోజంతా ఒకే ఇంట్లో ఉంటూ, పేపరూ టీవీ తప్ప ఇంకేమీ కలిసి చేయని దంపతులు మనకు వీధికి పదిమంది ఉన్నారు. ఇద్దరికీ రాని పని ఒకటి కలిసి నేర్చుకోవడానికి కూర్చుంటే, అది మిద్దెతోటైనా, హార్మోనియమైనా, మనవడి కోసం కొన్న క్యారమ్ బోర్డైనా, వాళ్లు ఒకరినొకరు మళ్లీ గమనించుకుంటారు.

ఇదంతా చేస్తే కష్టపడి తెచ్చుకున్న క్రమం చెడిపోతుందని భయపడేవాళ్లుంటారు. షుగర్ వచ్చాక పట్టుదలగా నడక మొదలుపెట్టిన వాళ్లకు ఈ భయం ఎక్కువ, అది న్యాయమైన భయం. లాలీ బృందం లెక్కల్లో వాళ్లకొక ఊరట ఉంది. మధ్యలో ఒకరోజు తప్పిపోయినవాళ్లకు కూడా అలవాటు కుదరడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక ఆదివారం ఉదయం పార్కులో అవే చుట్లు తిరగడం మాని, మనవరాలిని వెంటబెట్టుకుని చెరువుగట్టుకు వెళ్లి, ఆమె అడిగిన ప్రతి పక్షి పేరూ చెప్పడానికి ప్రయత్నించవచ్చు. సోమవారం నడక సోమవారం ఉంటుంది.